కాగితపు ముక్కలు ఎటునుంచి పోశారు? ఒక బొమ్మల పుస్తకం కేస్ స్టడీ

పిల్లల బొమ్మల పుస్తకాలకు ఆర్ట్ డైరెక్షన్ చేయడం నా వృత్తి. అమెరికాలో ఉంటూ ఎక్కువగా చిన్న ప్రచురణ సంస్థలకు బయటినుంచి పనిచేస్తాను. ఇక్కడ రాస్తున్నది దక్షిణ టెక్సాస్‌లో పెరిగిన ఒక మెక్సికన్ అమెరికన్ చిత్రకారిణి కేసు. ఆమె పేరు, ఊరు, సంస్థ పేరు, పుస్తకం పేరు చెప్పను. కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. ఆమె చదివి సరేనన్నాకే బయటపెడుతున్నాను. తెలుగులో ఎందుకంటే, విదేశీ ప్రచురణకర్తలకు బొమ్మలు వేసే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లకు వచ్చే బ్రీఫుల్లో, అంటే ఏం వేయాలో చెప్పే కాగితాల్లో, నెమలి, ఏనుగు, మామిడి పిందెల అంచు అడగకుండానే వచ్చి కూర్చుంటాయి. ఈమె పేజీల్లో పుర్రె బొమ్మలూ బంతిపూలూ వచ్చి కూర్చున్నాయి.

నేపథ్యం

ఆమెది మూడో తరం. అమ్మమ్మ స్పానిష్ తప్ప మరో భాష మాట్లాడేది కాదు. తల్లి రెండు భాషలూ కలిపి మాట్లాడుతుంది. ఈమెకు స్పానిష్ అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే నోరు తిరగదు, అందుకు సిగ్గు కూడా. దీని వెనక ఒక చరిత్ర ఉంది. 1918 నాటి చట్టం వల్ల టెక్సాస్ బడుల్లో ఇంగ్లీషు తప్ప వేరే భాషలో పాఠం చెప్పడం నేరమైంది. ఆ చట్టం 1969 దాకా పోలేదు. బడిలో స్పానిష్ మాట్లాడినందుకు దెబ్బలు తిన్నవాళ్లు చాలామంది తమ పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడారు. బొమ్మలకూ దీనికీ ఏమిటి సంబంధం అనిపించవచ్చు. సంబంధం ఉంది, తర్వాత చెబుతాను.

పుస్తకం ఈస్టర్ గురించి. ఆ ప్రాంతపు మెక్సికన్ అమెరికన్ ఇళ్లలో ఈస్టర్‌కు ‘కస్కరోనెస్’ చేస్తారు. గుడ్డు ఒక కొసన చిన్న బొక్క చేసి, లోపలి సొన తీసేసి, పెంకు కడిగి ఆరబెడతారు. రంగు వేసి, లోపల రంగు కాగితపు ముక్కలు నింపి, బొక్క మీద పలచటి కాగితం అంటిస్తారు. పండగ రోజు పార్కులో ఒకరి నెత్తిన ఒకరు పగలగొట్టుకుంటారు. శాన్ ఆంటోనియోలో 1891 నుంచి జరుగుతున్న ఫియెస్టా ఉత్సవంలో వీటిని వీధుల్లో అమ్ముతారు కూడా. ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ అనే ఉపవాస కాలపు శుక్రవారాల్లో మాంసం తినరు కాబట్టి ఆ ఇళ్లలో బంగాళాదుంప, గుడ్డు కలిపి వేయించి టోర్టియా అనే రొట్టెలో చుట్టుకుని తింటారు. పెంకులు అలా వారం వారం పోగవుతాయి. ఐదు వందల మాటలైనా లేని కథ ఇది: ఒక మనవరాలు, ఒక అమ్మమ్మ, పోగవుతున్న పెంకులు. రాసింది వేరొకరు. బొమ్మలు మాత్రమే ఈమెవి. ఇంగ్లీషు, స్పానిష్ రెండూ ఒకే పేజీలో ఉండాలని సంస్థ నిర్ణయించింది.

అమెరికాలో ఇలాంటి పుస్తకాలకు ఒక వరుస ఉంది. టెక్సాస్‌లోని కింగ్స్‌విల్‌లో 1948లో పుట్టిన కార్మెన్ లోమస్ గార్సా తన ఇంటి వంటగదినీ పెరడునూ పుట్టినరోజులనూ చిత్రాలుగా వేసి, వాటితోనే 1990లో ద్విభాషా పుస్తకం తెచ్చారు. 1996లో పూరా బెల్‌ప్రే అవార్డు మొదలైంది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో తొలి లాటినా (లాటిన్ అమెరికా మూలాలున్న మహిళ) లైబ్రేరియన్‌గా పనిచేసిన పూరా బెల్‌ప్రే పేరిట లాటినో రచయితలకూ చిత్రకారులకూ దాన్ని ఇస్తున్నారు. దానితో ప్రచురణకర్తల చూపు ఇటు తిరిగింది. మంచిదే. కానీ చూపు తిరిగాక, పుస్తకం ‘మెక్సికన్’ అని దుకాణంలో పది అడుగుల దూరం నుంచే తెలియాలి అనే కోరిక కూడా మొదలైంది.

నా దగ్గరికి వచ్చిన సమస్య

డమ్మీ, అంటే పుస్తకం మొత్తానికి వేసిన చిత్తు నమూనా, ఆమోదం పొందింది. రెండు స్ప్రెడ్లు (స్ప్రెడ్ అంటే ఎదురెదురుగా ఉండే రెండు పేజీలు) రంగుల్లో పూర్తయ్యాయి. ఆ తర్వాత పని నిలిచిపోయింది. వేసింది చెరిపి మళ్లీ వేయడం, గడువు అడగడం, మళ్లీ చెరపడం. ఎడిటర్ నాకు పంపిన ఉత్తరం సారాంశం: బొమ్మలు అందంగా ఉన్నాయి, ఏదో లోపించింది, అదేమిటో మాకు తెలియడం లేదు.

పూర్తయిన స్ప్రెడ్ ఒకటి ఎలా ఉందో చెబితేనే మిగతాది అర్థమవుతుంది. నాలుగు వైపులా పపెల్ పికాదో అంచు. అంటే మెక్సికోలో పండగలకు తోరణాలుగా కట్టే కత్తిరింపు కాగితం. మూలల్లో బంతిపూలు. గోడకు తలవేరా పలకలు, అంటే రంగు బొమ్మలున్న మెక్సికన్ పింగాణీ బిళ్లలు. అమ్మమ్మ జడల మీద మెక్సికన్ చిత్రకారిణి ఫ్రీదా కాలో స్వీయచిత్రాల్లోని పూలు, ముఖం పక్కకు తిరిగి, కళ్లు మూసుకుని. బల్ల మీద బుట్ట నిండా గుడ్లు, ఒక్కోదాని మీద చక్కెర పుర్రె బొమ్మ. బంతిపూలూ పుర్రెలూ నవంబరు మొదట్లో చనిపోయినవాళ్లను తలుచుకునే పండగవి, ఈస్టర్‌వి కావు. (బంతి మెక్సికో నుంచే మన గుమ్మాలకు వచ్చింది. ఆ పువ్వు లేని దసరా మనం ఊహించలేం. అయినా సంక్రాంతి ముగ్గులో వినాయకుడి ఉండ్రాళ్లు వేస్తే మన పిల్లలు గుర్తుపట్టరా?)

ఈ స్ప్రెడ్ ఆఫీసులో అందరికీ నచ్చింది. తప్పు పట్టుకున్నది ఒక బడి లైబ్రేరియన్. ఆవిడదీ దక్షిణ టెక్సాసే. సలహా కోసం పంపిన పేజీలు చూసి ఒకే ప్రశ్న రాసింది: “ఈ గుడ్లలోకి కాగితపు ముక్కలు ఎటునుంచి పోశారు?” బొమ్మలో ఏ గుడ్డుకూ బొక్క లేదు, అంటించిన కాగితమూ లేదు. చిన్నప్పుడు ఏటా డజన్ల కొద్దీ గుడ్లు నింపిన చిత్రకారిణి వేసిన బొమ్మ అది. నాకు పని అక్కడ మొదలైంది. తెలిసిన విషయం బొమ్మలోకి ఎందుకు రాలేదు?

ముందు ఏమనుకున్నాం

మూడు కారణాలు తోచాయి. మొదటిది, మనుషులను వేయడంలో ఆమె చెయ్యి బలహీనం కావచ్చు. అలాంటివాళ్లు అలంకారం వెనక దాక్కోవడం మామూలే. రెండోది, కథలోనే పని లేకపోవచ్చు. మూడోది, ఆమె ఎవరికో ఏదో రుజువు చేస్తూ ఉండవచ్చు. మొదటి రెండింటినీ తేల్చడం సులభం కాబట్టి వాటితో మొదలుపెట్టాను. మందు ఇచ్చే ముందు నాడి చూడాలి.

పుస్తకం మొత్తాన్నీ అరచేతిలో పట్టేంత చిన్న నలుపు తెలుపు చిత్రాలుగా వేయమన్నాను. రంగు లేదు, అంచు లేదు, ఒక్కో బొమ్మకు కొద్ది నిమిషాలు. అవి వచ్చాక మొదటి అనుమానం తీరిపోయింది. కుర్చీ ఎక్కి నిలబడ్డ పిల్ల వీపులోనే ఎంత ఆత్రం ఉందో కనిపించింది. రెండో అనుమానమూ నిలవలేదు. కథలో పని బోలెడుంది: గుడ్డు కొట్టడం, కడగడం, దాచడం, ఎదురుచూడడం. మరి ఈ ప్రాణం రంగుల్లోకి వెళ్లేసరికి ఎక్కడ పోతోంది?

రంగులతోనే అలంకారం వస్తోందేమో అనుకుని, మూడే రంగులతో ఒక స్ప్రెడ్ వేయమన్నాను. మూడు రంగుల పపెల్ పికాదో వచ్చింది. చాలా బాగుంది, పనికిరాలేదు. రంగులు ఎన్నో అన్నది అసలు సమస్య కాదని దాంతో తేలింది.

తర్వాతి ఆలోచన ఎడిటర్‌ది. దుకాణాల్లో దొరికే ‘మెక్సికన్’ బొమ్మల బదులు అసలైన జానపద కళను చూస్తే చెయ్యి మారుతుందని. వినడానికి సబబుగానే ఉంది. ఆమె కొన్ని వారాలు దాని మీదే కూర్చుంది. ప్వెబ్లా రాష్ట్రంలోని సాన్ పాబ్లితోలో ఒతోమీ ఆదివాసులు చెట్టు బెరడుతో చేసే అమాతె కాగితం, గెర్రేరో రాష్ట్రపు నహువా ఆదివాసులు దాని మీద వేసే చిత్రాలు, హిదాల్గో రాష్ట్రంలోని తెనాంగో దె దోరియా కుట్టుపని. ఈ కుట్టుపనిలోని జంతువులూ పక్షులూ ఆమెకు బాగా నచ్చాయి. వచ్చిన స్కెచ్‌లో వంటగది గోడ నిండా అవే.

దీన్ని ఆపడానికి రెండు కారణాలు కనబడ్డాయి. ఒకటి హక్కుల సంగతి. తెనాంగో కుట్టు ఒతోమీ సముదాయాలది. 1960లలో అమ్మకానికి కుట్టడం మొదలైనప్పటి నుంచీ అది వాళ్ల జీవనాధారం. దాన్ని పెద్ద పెద్ద కంపెనీలు అడగకుండా వాడుకున్నాయని గొడవలు జరిగాయి. ఆదివాసీ, ఆఫ్రో మెక్సికన్ సముదాయాల సాంస్కృతిక వారసత్వాన్ని వాళ్ల అనుమతి లేకుండా వాడుకోకుండా మెక్సికో 2022 జనవరిలో చట్టం తెచ్చింది. మన పుస్తకం అమెరికాలో అచ్చవుతుందన్నది నిజమే గానీ, మెక్సికోలో అమ్మాలనుకున్న రోజున ఏం చెబుతాం? రెండో కారణం నాకు ఇంకా ముఖ్యం. ఆమె కుటుంబం ఒతోమీ కాదు. ఆ కుట్టుపని ఆ అమ్మమ్మ ఇంట్లో ఏనాడూ లేదు. దుకాణం సరుకు పోయి మ్యూజియం సరుకు వచ్చింది, అంతే. ఇంటి సరుకు ఇంకా రాలేదు.

అప్పుడు కుటుంబ ఫొటోలు తెప్పించాం. ఇదైతే తప్పకుండా పనిచేస్తుందని అందరం అనుకున్నాం. పాత ఫ్లాష్ ఫొటోల్లో అందరూ గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, కళ్లు ఎర్రగా నిలబడి ఉంటారు. ఆమె వాటిని శ్రద్ధగా ఎక్కించింది. పుస్తకం గ్రూప్ ఫొటోల ఆల్బమ్ అయింది. అయితే ఒక లాభం కలిగింది. ఫొటోల వెనకభాగంలో, ఎవరూ చూడమని పెట్టనివి కనిపించాయి: బల్ల మీద పూల ప్లాస్టిక్ గుడ్డ, ఫ్రిజ్ మీద గుడ్ల అట్టల దొంతర, కుట్టు సామాను దాచుకున్న బిస్కెట్ల డబ్బా, గోడకు టైర్ల దుకాణం వాళ్లిచ్చిన క్యాలెండర్.

దారి ఎక్కడ దొరికింది

ఫొటోలు ముందు పెట్టుకుని ఫోనులో మాట్లాడుతున్నప్పుడు అడిగాను, అమ్మమ్మ ముఖం ఎప్పుడూ పక్కకే ఎందుకు తిరిగి ఉంటుందని. ఆమె కాసేపు ఆలోచించి, వంటింట్లో తనకు అమ్మమ్మ ముఖం అంతగా గుర్తులేదంది. పొయ్యి వైపు తిరిగి ఉండేది; గుర్తున్నవి వీపూ మోచేతులూ చేతులూ. అయితే ముఖం ఎందుకు వేస్తున్నావని అడిగాను. “పుస్తకంలో అమ్మమ్మ అంటే ముఖం ఉండాలి కదా” అంది.

ఆ ‘ఉండాలి కదా’ దగ్గర మూడో అనుమానం ఖాయమైంది. పుర్రె, బంతి, కత్తిరింపు కాగితం, జడల మీద పూలు, ఇవన్నీ గేటు దగ్గర చూపించే గుర్తింపు కార్డులు. స్పానిష్ సరిగ్గా రాని తను ఈ కథకు బొమ్మలు వేయడానికి తగినదాన్నేనని ప్రతి పేజీలోనూ చూపించుకుంటోంది. నేను ఆ మాట పైకి అనలేదు. ఆమె మనసును విప్పి చెప్పడం నా పని కాదు. పని మార్చడం నా పని. వెనకటి నిబంధనలన్నీ ‘ఇది వద్దు’ అని చెప్పినవే. వద్దన్నకొద్దీ ఆమె మరో కార్డు వెతుక్కుంది. కాబట్టి ఈసారి నిబంధన ఏం వేయాలో చెప్పేదిగా ఉండాలి. ఇద్దరం కలిసి ఒకటి రాసుకున్నాం: పేజీలో ఉన్న ప్రతి వస్తువునూ ఈ కథలో ఎవరో ఒకరు ముట్టుకోవాలి, లేదా కిందటి పేజీలో ముట్టుకుని ఉండాలి. దానికి తోడు, చూపు ఎత్తు మనవరాలిది.

ఆ తర్వాత ఆమె తన పిన్ని ఇంటికి వెళ్లి, గుడ్లు ఖాళీ చేస్తుంటే పక్కన కూర్చుని చేతులు మాత్రమే గీసింది. ఆ గీతలు చూడగానే తెలిసింది, పుస్తకం దొరికిందని. చెంచా వెనక భాగంతో గుడ్డు సన్నటి కొసన మెల్లగా తడుతుంది. నాణెమంత పెంకు గోటితో లేపుతుంది. గుడ్డును గిన్నె మీద బోర్లించి ఊపుతుంది. సొన ఒక్కసారిగా రాదు, ఆగి, జారి, మళ్లీ ఆగి పడుతుంది. పెంకులో నీళ్లు పోసి బొటనవేలు బొక్కకు అడ్డం పెట్టి గిలకొడుతుంది. తర్వాత బొక్క కిందికి వచ్చేలా అట్టలో బోర్లిస్తుంది. ఈ ఐదు బొమ్మలు ఒకే స్ప్రెడ్‌లో వరసగా పెట్టాం. పేజీ తిప్పితే పిల్ల అదే పని చేయబోయి పెంకు మొత్తం నలిపేస్తుంది. కథ రాసిన మాటల్లో ఆ నలగడం లేదు. రచయిత్రి చూసి, రెండు వాక్యాలు తీసేసింది. ఆ పని బొమ్మే చేసేసింది కదా అంది.

‘ముట్టుకోవాలి’ అన్న షరతుకు పపెల్ పికాదో నిలబడలేదు, తలవేరా పలకలు నిలబడలేదు, పుర్రెలు ఎలాగూ నిలబడవు. ప్లాస్టిక్ బల్లగుడ్డ నిలబడింది, పిల్ల దాని కిందే దాక్కుంటుంది కాబట్టి. క్యాలెండర్ మీద మాత్రం చాలా చర్చ జరిగింది. ఆ ఇళ్లలో గోడకు వేలాడే క్యాలెండర్ బొమ్మల్లో మెక్సికన్ చిత్రకారుడు హెసూస్ ఎల్గేరా వేసిన అజ్టెక్ వీరులు, నిద్రపోతున్న రాజకుమారి లాంటివి కోకొల్లలు. మెక్సికన్ వారసత్వం ఆ వంటగదిలోకి నిజంగా వచ్చిన దారి అదే, టైర్ల దుకాణం పేరు కింద అచ్చయి. కానీ ఎల్గేరా చనిపోయింది 1971లో, కాపీరైట్ తీరిపోయేంత కాలం ఇంకా కాలేదు. ఆ బొమ్మల హక్కులు ఇంకా ఎవరో ఒకరి చేతిలో ఉంటాయి. అందుకే బొమ్మ పేజీ పైఅంచు దాటి బయటికి పోయేలా, తారీఖుల గళ్లు మాత్రమే కనబడేలా పెట్టాం. పిల్ల ఎత్తు నుంచి చూస్తే అది సహజం కూడా. శుక్రవారాలను ఆ గళ్ల మీద పిల్ల కొట్టేస్తూ పోతుంది. అలంకారంగా వచ్చిన వస్తువు కథకు గడియారమైంది.

రంగు విషయం ఇక్కడ తనంతట తానే తేలింది. వంటగది మసక పసుపు బల్బు వెలుగు, వెలిసిన గోడలు. పుస్తకం మొదట్లో గుడ్లు కూడా తెలుపే. శుక్రవారం శుక్రవారానికి రంగు అట్టలోకే చేరుతుంది, గదిలోకి రాదు. కాగితపు ముక్కల కోసం సూపర్ మార్కెట్ ప్రకటన కాగితాలను ఆమె నిజంగానే కత్తిరించి అంటించింది. ఏ కంపెనీ పేరూ చదవలేనంత చిన్నగా ఉండాలని సంస్థ లాయరు షరతు పెడితే, అసలు కస్కరోనెస్‌లో వేసే ముక్కలు అంతకంటే చిన్నవి లెమ్మని నవ్వింది. పార్కులో మొదటి గుడ్డు పగిలే స్ప్రెడ్‌లో మాత్రమే ఆ రంగంతా ఒక్కసారిగా పేజీ మీద పడుతుంది. అమ్మమ్మ ముఖం ఎదురుగా కనిపించేది కూడా అక్కడే, జుట్టు నిండా కాగితాలతో.

అచ్చు లెక్కలు

భావాల గురించి ఇంత చెప్పాను గానీ, సంస్థను ఒప్పించినవి కొలతలు. పేజీ 10 అంగుళాల చదరం. చుట్టూ అంగుళం అంచు వేస్తే బొమ్మకు మిగిలేది 8 అంగుళాల చదరం. 100 చదరపు అంగుళాల్లో 64. దానిలో రెండు భాషలు పట్టాలి, స్పానిష్ పాఠం ఇంగ్లీషు కన్నా సాధారణంగా పొడుగే. ముఖాలకు చోటు ఎక్కడిది? పైగా పాత స్ప్రెడ్లలో అక్షరాలు ముదురు రంగు కాగితం మీద తెల్లగా ఉన్నాయి. అచ్చులో ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు ఉంటుంది. అక్షరాలు నలుపులో, లేత నేల మీద ఉంటే మరో భాషలో వేసేటప్పుడు నల్ల ప్లేటు ఒక్కటి మారిస్తే చాలు. తెల్ల అక్షరాలకు నాలుగు ప్లేట్లూ మార్చాలి. వెలిసిన గోడలే అక్షరాలకు చోటిచ్చాయి.

ఒక్క విషయంలో మాత్రం డబ్బు ఖర్చు పెట్టించాను. ఆమె వాడిన మెరిసే గులాబీ రంగు మామూలు నాలుగు రంగుల అచ్చులో నీరసంగా వస్తుంది. ఆ గులాబీకి ఐదో రంగుగా ప్రత్యేక ఇంకు అడిగాను. పుస్తకమంతా ఆ రంగు నిండి ఉన్నప్పుడు అడిగితే ఎవరూ ఒప్పుకునేవారు కాదు. కొన్ని పేజీల్లోనే ఉంది కాబట్టి, అదీ పేజీ తిప్పగానే తగలాలి కాబట్టి, లెక్కలవాళ్లు ఒప్పుకున్నారు.

నాకు మిగిలినవి

వారసత్వం మీద బొమ్మలు వేసేవాళ్లు చిక్కుకున్నప్పుడు నేనిప్పుడు మొదట అడిగేది వస్తువు గురించి కాదు, ఆ వస్తువుతో ఎవరు ఏం చేస్తారన్నది. ఈ ప్రశ్నకు జవాబు లేని అలంకారం చెడ్డదని కాదు. అది ఈ పుస్తకానిది కాదు. పపెల్ పికాదో కట్టే కుటుంబం కథైతే అదే కాగితం ప్రతి పేజీలో ఉండవచ్చు, కాగితాల దొంతరను కత్తిరించే ఉలి దెబ్బతో సహా.

పరిశోధన చేయమని చెప్పేముందు కూడా ఇప్పుడు ఆలోచిస్తాను. తన ఇంటి గురించి వేస్తున్న మనిషిని మ్యూజియంకి పంపితే, తన ఇల్లు చాలదని మనమే చెప్పినట్టవుతుంది. సలహాకు పంపే పేజీలు ఎవరికి పంపాలన్నది మరో సంగతి. ఆఫీసులో ఎంతమంది మెచ్చుకున్నా లాభం లేకపోయింది. గుడ్డు నింపిన చేతులున్న ఒక్క మనిషికి ఒక్క చూపు సరిపోయింది. ఆ లైబ్రేరియన్‌కు డమ్మీ దశలోనే పంపి ఉంటే నెలల పని మిగిలేది. సంస్థ తర్వాతి పుస్తకాలకు అదే పద్ధతి పెట్టుకుంది, ఆవిడకు ఫీజు కూడా ఇస్తోంది.

కవర్ విషయంలో మాత్రం మేము నెగ్గలేదు. మేము పెట్టింది అట్టలో బోర్లించిన పన్నెండు తెల్ల పెంకులు, ఒకదాని కింద నుంచి తొంగి చూస్తున్న గులాబీ ముక్క. అమ్మకాల విభాగం ససేమిరా అంది. చివరికి కవర్ పైభాగాన పపెల్ పికాదో తోరణం వచ్చింది. దాన్ని ఆమె దొరికిన నమూనా నుంచి ఎత్తకుండా తనే కత్తితో కోసింది, రంధ్రాల్లో పుర్రెలకు బదులు గుడ్లు పెట్టి. దుకాణాల్లో ఆ తోరణం పనిచేసిందనే అమ్మకాలవాళ్లు అంటారు. పనిచేయలేదని నేను చూపించగలిగిన ఆధారం ఏదీ లేదు. ఆమె తన తర్వాతి ఒప్పందంలో కవర్ మీద సంప్రదింపు హక్కు రాయించుకుంది. ఆమోద హక్కు అడిగింది గానీ ఇవ్వలేదు. కొత్తగా పేరు వస్తున్న చిత్రకారులకు దాన్ని సాధారణంగా ఇవ్వరు. సంప్రదింపు అనే మాట దగ్గర ‘రాతపూర్వకంగా, అచ్చుకు వెళ్లే ముందు’ అని చేర్పించుకోమని మాత్రం చెప్పాను. చేర్చారు.